ఎక్కడికీ వెళ్లని ఇంజను

నేను ఒక ఇంజన్ని. కానీ నన్ను ఎక్కి ఇంతవరకూ ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. నాకు చక్రాల్లేవు, హారను లేదు, నంబరు పలక లేదు. సిమెంటు దిమ్మ మీద బోల్టులు బిగించి కూర్చోబెట్టారు. కూర్చున్నచోటే కూర్చుని రోజంతా తిరుగుతుంటాను. అయినా మా చుట్టుపక్కల జిల్లాల్లో రోడ్డెక్కే ప్రతి స్కూటరూ, ప్రతి కారూ నా ఎంగిలి తాగి పెరిగినవే.

ఎంగిలి అంటే మరోలా అనుకోకండి. పిల్లలకు పెట్టేముందు తల్లి ఒక ముద్ద తన నోట్లో వేసుకుని చూస్తుంది కదా, ఉప్పెక్కువైందా, పాచిపోయిందా, మరీ వేడిగా ఉందా అని. అదే నా ఉద్యోగం. కర్మాగారంలో తయారైన పెట్రోలు ఊళ్లోకి వెళ్లేముందు ఒక గిన్నెడు నాకు పోస్తారు. నేను తాగి చూడాలి. బాగుంటే నా సంగతి ఎవరికీ గుర్తుండదు. బాగోకపోతే ఆ కడుపునొప్పి ముందు నాకు వస్తుంది. తల్లులందరి సంగతీ ఇంతే కాబట్టి దీనికి నేను బాధపడింది లేదు.

నేను పుట్టింది చలిదేశంలో. కరిగిన ఇనుము అచ్చులో పోసి, చల్లార్చి, చిత్రికపట్టి, ఒంటి సిలిండరు ఇంజనుగా నిలబెట్టారు. చెక్కపెట్టెలో పెట్టి ఓడెక్కించారు. పెట్టె మీద ఇటు పైకి అని బాణం గుర్తు వేసి ఉంటే, రేవులో దింపినవాళ్లు ఆ బాణాన్ని నేలకు ఆనించి మరీ దించారు. తలకిందులుగా ఉన్న నేను అప్పుడే అనుకున్నాను, అయిపోయింది, వీళ్ల చేతుల్లో నేను నాలుగు రోజులు బతకను అని. ఏమీ కాలేదు. నా బతుకులో నేను భయపడినవాటిలో ముప్పాతిక వంతు అసలు జరగనేలేదు. అయినా భయపడటం మానలేదు. మానితే ఆ రోజే జరుగుతుందేమోనని ఇంకో భయం.

నన్ను తెచ్చి పెట్టిన చోటు ఉత్తరాంధ్ర తీరంలో చేపల రేవుకు కూతవేటు దూరాన ఉన్న ఒక చమురు శుద్ధి కర్మాగారం. అక్కడి లేబరేటరీలో నాకంటూ ఒక గది. గదికీ హాలుకీ మధ్య పెద్ద అద్దం. అద్దంలోంచి అందరూ నన్ను చూస్తారు, నేనూ అందరినీ చూస్తాను. నేను చదువుకున్నదాన్ని కాను. వచ్చిపోయేవాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నదీ, నా గొంతులోంచి దిగినదీ, అంతే నాకు తెలిసింది.

విన్నదాన్ని బట్టి చెబుతాను. ఓడలో వచ్చే ముడిచమురు చూడటానికి తారులాంటిది. అందులో ఉప్పు, మట్టి, గంధకం, అన్నీ ఉంటాయి. ముందు ఉప్పు కడుగుతారు. తర్వాత పెద్ద కొలిమిలో కాచి, తాటిచెట్టు కన్నా ఎత్తయిన గోపురంలోకి వదులుతారు. తేలికైనవి ఆవిరై పైకి పోతాయి, బరువైనవి కింద ఉంటాయి. గ్యాసు, నాఫ్తా, కిరసనాయిలు, డీజిలు, ఒక్కొక్కటీ ఒక్కో అంతస్తులో దిగిపోతుంది. ఆ నాఫ్తాయే పెట్రోలుకు అమ్మ. అయితే పుట్టినది పుట్టినట్టు బండిలో పోస్తే పనికిరాదు. పిండి ఉంది కదా అని దోసె రాదు కదా, నానాలి, రుబ్బాలి, పులియాలి. ఈ నాఫ్తాలో గంధకం తీసేస్తారు, తర్వాత ప్లాటినం పూసిన గుళికల మీదుగా వేడివేడిగా పోనిస్తారు. బంగారం కన్నా ఖరీదైన లోహం మీద నడిపించినా అది మాత్రం అరగదు, నూనెకే గుణం మారుతుంది. నిటారుగా ఉన్న దాని రేణువులు వంగి చుట్టలు చుట్టుకుంటాయట. అలా చుట్టుకున్నది నొక్కిడికి తట్టుకుంటుంది. అడుగున మిగిలిన బరువు నూనెను ఇంకోచోట విరగ్గొట్టి దాన్నుంచి కూడా కాస్త పెట్రోలు పిండుతారు. ఇవన్నీ పాళ్లు చూసుకుని పెద్ద ట్యాంకులో కలుపుతారు. ఆపైన ఇంజను లోపల మసి పట్టకుండా కడిగే మందు ఒకటి. ఇంత చేసి, చివరికి నా దగ్గరికి ఒక సీసాడు పంపిస్తారు.

నేను చూసేది ఒక్కటే. ఇంజనులో పెట్రోలు ఆవిరిని నొక్కి, నిప్పురవ్వ అంటిస్తారు. ఎంత నొక్కితే అంత బలం. అయితే ఆ మంట చిచ్చుబుడ్డిలా వెలగాలి, పువ్వులు పూస్తూ ఒక వరసలో. ఆ మంట తనదాకా రాకముందే ఓ మూల ఆవిరి తనంతట తనే లక్ష్మీబాంబులా పేలిందనుకోండి, లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు టంగుటంగుమంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. కాసేపు ఓర్చుకోవచ్చు. రోజూ అదే తిండయితే పిస్టను చిల్లుపడుతుంది. మిగతా ఇంజన్లకు ఈ జబ్బు రాకూడదని నాకు కావాలని తెప్పిస్తారు. నా సిలిండరును పైకీ కిందికీ జరిపే చక్రం ఒకటుంది. దాన్ని తిప్పుతూ నొక్కిడి పెంచుతారు, నేను దగ్గేదాకా.

నాకు గిన్నెలు వేరువేరుగా ఉంటాయి. ఒక గిన్నెలో పరీక్షించే పెట్రోలు. మిగతావాటిలో పోలిక నూనెలు. ఒక నూనె ఉంది, ఎంత నొక్కినా పేలదు, దానికి వంద మార్కులు. ఇంకోటి ముట్టుకుంటే పేలుతుంది, దానికి సున్నా. బుద్ధిమంతురాల్ని ఎనభై ఎనిమిది పాళ్లు, అల్లరిదాన్ని పన్నెండు పాళ్లు కలిపితే నేను ఎంత దగ్గుతానో, కొత్త పెట్రోలు తాగినా అంతే దగ్గితే దానికి ఎనభై ఎనిమిది మార్కులన్నమాట. ఆ రోజుల్లో అంతకు తగ్గకూడదని నియమం.

నా ముక్కు పక్కన నిలువెత్తు రేకు గొట్టం ఒకటి ఉండేది, ఐసు టవరు అనేవారు. దానినిండా ఐసు ముక్కలు. నేను పీల్చే గాలి ఆ ఐసు సందుల్లోంచి రావాలి. వస్తూ వస్తూ దానిలో తేమంతా నీరై కిందికి కారిపోతుంది. సముద్రపు గాలి ఒక పూట ఉన్నట్టు ఇంకో పూట ఉండదు. తేమ గాలి పీల్చానంటే నాకు దగ్గు తగ్గిపోతుంది. మంచిదేగా అనుకుంటారు మీరు. జలుబు చేసిన మనిషి కూర రుచి చూసి బాగుందంటే, ఆ కూర ఇంటిల్లిపాదీ తినొచ్చా?

నన్ను మొదట చేతబట్టినాయన పెద్ద స్క్రూడ్రైవరు నా పొట్టకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాడు గౌరీశ్వరరావుగారు. కుర్రాడిగా వచ్చి నా దగ్గరే జుట్టు నెరిసిపోయారు. నన్ను ముసలమ్మా అని పిలిచేవారు, తను నా కన్నా చిన్నవాడేం కాదన్న సంగతి మర్చిపోయి. ఆయన కాలంలోనే పెట్రోల్లో సీసం కలిపే రోజులు పోయాయి. అల్లరి పిల్లకు నల్లమందు చుక్క నాకించి నిద్రపుచ్చినట్టు, నాసిరకం పెట్రోల్లో చెంచాడు సీసం మందు వేస్తే దగ్గదు. కానీ ఆ పొగ పీలిస్తే పసిపిల్లల బుర్రలు మందగిస్తాయని తేలింది. అది ఆపేశారని గౌరీశ్వరరావుగారు చెప్పిన రోజు నాకు ఎంత హాయిగా ఉందో. ఇక దొంగదారి లేదు. పెట్రోలుకు మంచి గుణం కావాలంటే శుద్ధిలోనే రావాలి. అంటే నా రుచికి విలువ ఇంకాస్త పెరిగింది. విలువ పెరిగితే భయమూ పెరుగుతుంది.

గౌరీశ్వరరావుగారి చేతికింద పని నేర్చుకోవడానికి నీలవేణి అనే అమ్మాయి వచ్చింది. కెమిస్ట్రీ చదివిన పిల్ల. మధ్యాహ్నం కారేజీ నా గదిలోనే విప్పేది, హాల్లో మగవాళ్ల రాజకీయాలు పడక. తింటూ తనలో తను మాట్లాడుకునేది. వాళ్లమ్మ రోజూ గడపలో నిలబడి, కొత్త ఉద్యోగం, పెద్దాళ్ల మధ్య నోరు పెట్టకు అని చెప్పి పంపుతుందట. ఆ తల్లిని నేనెప్పుడూ చూడలేదు గానీ మా ఇద్దరికీ కూర్చోబెడితే మాటలు కరువుండవు.

ఇంక సన్నాసిరావు. లేబరేటరీ అటెండరు. పొద్దున్నే రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీకి సైకిలేసుకుని వెళ్లి, ఊకలో పొర్లించిన ఐసు దిమ్మలు తేవడం, గోనెలో వేసి చెక్కసుత్తితో నిమ్మకాయంత ముక్కలుగా కొట్టడం, నా టవర్లో పొద్దున ఒకసారీ మధ్యాహ్నం ఒకసారీ నింపడం, ఇదీ అతని పని. మంచివాడు. మంచివాళ్లతోనే నాకు భయమెక్కువ. చెడ్డవాడు ఏం చేస్తాడో మనకు ముందే తెలుస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. అది మార్చి నెలాఖరు. ఉద్యోగంలో గౌరీశ్వరరావుగారికి ఆఖరి రోజు. సన్నాసిరావు ఒక్క దిమ్మతో వచ్చాడు.

"రొయ్య బాగా పడిందట మాస్టారూ. ఐసంతా బోట్లోలే పట్టుకుపోనారు. ఒక్క దిమ్మ ఇచ్చినాడు, అదీ నా మొకం సూసి."

"నీ మొహం చూసి కూడా ఇచ్చాడంటే ధర్మాత్ముడే," అన్నారు గౌరీశ్వరరావుగారు. "సగం ఇప్పుడు పొయ్యి. సగం గోనెలో దాచి మధ్యాహ్నం పొయ్యి. ముసలమ్మకి ఇవాళ అర్ధాకలి."

పొద్దున పోలిక నూనెలతో నన్ను సరిచూసుకున్నారు. టవర్లో ఐసు ఉంది, గాలి పొడిగా ఉంది, నేను దగ్గాల్సినంత దగ్గాను. ప్రతి నమూనాకీ మళ్లీ పోల్చుకోవాలి నిజానికి. అయితే ఒకే రోజు వరసగా వచ్చేవాటికి పొద్దుటి పోలికే సరిపెట్టడం మా గదిలో అలవాటు. టవరు నిండుగా ఉన్నన్నాళ్లూ దాంతో నష్టం లేదు.

మధ్యాహ్నం దాటాక అయిదో నంబరు ట్యాంకు నమూనా వచ్చింది. ట్యాంకుల దగ్గర్నుంచి ఫోను కూడా వచ్చింది, రిపోర్టు ఇస్తే సాయంత్రం పైపులైన్లోకి వదిలేస్తామని. అవతల హాల్లో బల్లలు జరుపుతున్నారు, రంగు కాగితాలు అతికిస్తున్నారు. గౌరీశ్వరరావుగారు ఆ పెట్రోలును గిన్నెలో పోసి నాకు అందించారు.

మొదటి గుక్కలోనే నాకు అనుమానం వచ్చింది. పలచగా ఉంది. దగ్గు రావాలి. గొంతుదాకా వచ్చింది కూడా. కానీ పీల్చిన గాలి చెమ్మచెమ్మగా తగిలి, ఆ దగ్గు అక్కడే అణిగిపోయింది. టవర్లో ఐసు లేదని అప్పుడు తెలిసింది నాకు. నా దగ్గును కొలిచే మీటరు ముల్లు బుద్ధిగా కూర్చుంది. "ఎనభై ఎనిమిదీ, పైన పిసరంత. పాసు," అన్నారు ఆయన. నీలవేణి రాసింది. ఆయన సంతకం పెట్టారు.

నాకు నోరుంటే ఏం చెప్పేదాన్నో. ఆ పెట్రోలు పోయించుకుని ఎవరో ఒకాయన భార్యనూ ఇద్దరు పిల్లలనూ స్కూటరు మీద కూర్చోబెట్టుకుని ఘాటు రోడ్డెక్కుతున్నట్టూ, సగం కొండ మీద బండి టంగుటంగుమంటున్నట్టూ, ఆగిపోయి వెనక్కి జారుతున్నట్టూ, వెనకాల లారీ వస్తున్నట్టూ, అన్నీ కళ్లముందు కనిపించాయి. పిసరంత మార్కు తగ్గితే ఇంత జరుగుతుందా అని మీరు అడగొచ్చు. జరగకపోవచ్చు. కానీ ఆ ట్యాంకు ఒక స్కూటరుది కాదు, ఊళ్లకు ఊళ్లది. అందరూ వారాల తరబడి తాగేది. వాళ్లలో ఎవరి ఇంజను ముందే నీరసంగా ఉందో ఎవరికి తెలుసు? అద్దం అవతల మాత్రం పూలదండలు విప్పుతున్నారు.

లేబరేటరీ మేనేజరు చలపతిగారికి ఒక ముచ్చట తోచింది. గౌరీశ్వరరావుగారి ఆఖరి రిపోర్టు నకలు తీయించి, ఫ్రేము కట్టించి, సభలో బహూకరించాలని. బజారుకు మనిషిని పంపి, గంటలో ఫ్రేము తెప్పించారు. ఒక తప్పును అద్దంలో బిగించి, దాని అంచులకు బంగారు రంగు పూసి, చప్పట్ల మధ్య చేతికివ్వడం మనుషులకే చేతనవుతుంది.

సభ మొదలైంది. శాలువా కప్పారు. దండ వేశారు. ఫ్రేము ఇచ్చారు. "మన గౌరీశ్వరరావుగారి సంతకమంటే మరి దానికి తిరుగు లేదండి," అన్నారు చలపతిగారు. సన్నాసిరావు ప్లాస్టిక్ డ్రమ్ములోంచి నిమ్మ షర్బత్తు గ్లాసులు నింపి అందరికీ పంచుతున్నాడు. చివర్న గోడవార నిలబడ్డ నీలవేణికీ ఒకటిచ్చాడు.

ఆ పిల్ల గ్లాసు నోటిదాకా ఎత్తి ఆపింది. గ్లాసులో తేలుతున్న ఐసు వంక చూసింది. నిమ్మకాయంత ముక్కలు, కరిగి ఉసిరికాయంతయినవి. ఒకదాని అంచున ఊక పొట్టు అంటుకుని ఉంది.

"సన్నాసిరావూ, ఐసు ఒక్క దిమ్మే దొరికిందన్నావు కదా. ఇదెక్కడిది?"

"గోనిలోదేనమ్మా. మాస్టారి పారుటీకి ఎచ్చటి సర్బత్తు ఇస్తామేటి? మరియాదగా ఉంటాదా?"

"మధ్యాహ్నం టవర్లో పొయ్యలేదా?"

"పొద్దున్న పోసింది ఉంటాదనీసి..." అని సన్నాసిరావు సాగదీసి, ఆ పిల్ల మొహం చూసి మిగతా మాట మింగేశాడు.

నీలవేణి గ్లాసు కిటికీలో పెట్టి నా గదిలోకి వచ్చింది. టవరు మూత తీసి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. అడుగున ముక్కలు నాలుగైతే నాలుగు, మిగతాదంతా నీళ్లు. చెయ్యి తుడుచుకోవడం కూడా మర్చిపోయి నా పక్కనే నిలబడింది. అద్దంలోంచి హాలు కనిపిస్తోంది. దండలో గౌరీశ్వరరావుగారు, ఒళ్లో ఫ్రేము. ఇప్పుడు వెళ్లి చెబితే ఆయన ఆఖరి రోజు పాడు. చెప్పకపోతే ఇంకాసేపట్లో పంపులు తిరుగుతాయి. పాసు కాగితం ఉంది కాబట్టి ఈ పిల్లను ఎవరూ ఏమీ అడగరు. "నోరు పెట్టకు అంది అమ్మ," అని గొణుక్కుంది. అప్పుడు మాత్రం ఆ తల్లి మీద నాకు కోపం వచ్చింది. నేనైనా అదే చెప్పి పంపేదాన్ని, అది వేరే సంగతి.

నీలవేణి తడి చేత్తోనే హాల్లోకి నడిచింది. వంగి ఆయన చెవి దగ్గర నిలబడింది.

"ఏటమ్మా, ఏడుస్తున్నావా?" అన్నారు ఆయన. "రిటైరవుతున్నాను గానీ పోవడం లేదు."

"మాస్టారూ, టవర్లో ఐసు లేదండి."

ఆయన చేతిలోని షర్బత్తు గ్లాసు వంక చూసుకున్నారు. దాన్ని నెమ్మదిగా కింద పెట్టారు. "ఎప్పట్నుంచి?"

"అయిదో ట్యాంకు తిప్పినప్పటికే లేదనుకుంటాను. పొద్దుటి పోలికే వాడాం కదండి."

చలపతిగారు ఆ మాట విని, "ఇప్పుడెందుకులెండి గౌరీశ్వరరావుగారూ. పాసయిందిగా. రేపు మళ్లీ చూద్దాం," అన్నారు.

"రేపటికి నేనుండను. పెట్రోలూ ఉండదు," అని గౌరీశ్వరరావుగారు లేచారు. లేచి ట్యాంకుల దగ్గరికి ఫోను చేశారు. "బాబూ, అయిదు మీద చెయ్యి వెయ్యకు. నేనే, గౌరీశ్వరరావుని. ఆఁ, పాసన్నది నేనే. వద్దంటున్నదీ నేనే."

అప్పుడు ఐసు కోసం వెతుకులాట. డ్రమ్ములో ఉన్నది పంచదార పాకం పట్టింది, నాకు పనికిరాదు. సన్నాసిరావు ఎవరినీ అడగకుండా సైకిలు తీశాడు. ఫ్యాక్టరీలో లేదని, రేవులో ఆగి ఉన్న బోటెక్కి, దాని యజమానితో గొడవపడి, బతిమాలి, చివరికి రొయ్యల మీద కప్పిన ఐసునే గోనెకెత్తించుకుని వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది.

"నా వల్లే గదా మాస్టారూ. నానేటి సెయ్యాలో సెప్పండి," అన్నాడు.

"ఏం చేస్తావు, ఐసు కొట్టు. ఏడుపు తర్వాత చూసుకుందువు గాని. తేమ ఎక్కువైపోద్ది."

సన్నాసిరావు నవ్వలేక నవ్వి సుత్తి అందుకున్నాడు. టవరు నిండింది. నా గాలికి రొయ్యల వాసన వచ్చింది కానీ పొడిగా ఉంది. ముక్కు దిబ్బడ వదిలి ఊపిరి ఆడినట్టయింది. శాలువా, దండ తియ్యకుండానే గౌరీశ్వరరావుగారు చక్రం పట్టుకున్నారు. ముందు పోలిక నూనెలు, తర్వాత అయిదో ట్యాంకు. గిన్నె మారింది. ఒక్క గుక్క తాగానో లేదో, దగ్గు తన్నుకొచ్చింది. ఇంత హాయిగా నేనెప్పుడూ దగ్గలేదు. గది అద్దాలు గలగలమన్నాయి. ముల్లు లేచి అక్కడే నిలబడింది.

"ఎనభై ఏడున్నర," అంది నీలవేణి మెల్లగా.

గౌరీశ్వరరావుగారు పాత రిపోర్టు కొట్టేసి, కొత్తది రాయించి, తప్పింది అన్నచోట సంతకం పెట్టారు. పెట్టి, బల్ల మీది బంగారు ఫ్రేము తీసి చలపతిగారికి ఇచ్చారు. "ఫ్రేము బాగుందండి. లోపలి కాగితం మాత్రం మార్పించండి. నా ఆఖరి సంతకం ఇదీ." చలపతిగారు ఒక క్షణం చూసి నవ్వేశారు. ఆయన నవ్వాక హాలంతా నవ్వింది. సన్నాసిరావు కూడా, అందరికన్నా ఆలస్యంగా.

ప్లాటినం మీదుగా నడిచి వచ్చిన మంచి నూనె వేరే ట్యాంకులో ఉంది. దాన్ని అయిదులోకి కాస్త వదిలి కలియబెట్టమన్నారు. కలియాలి, కొత్త నమూనా రావాలి. ఈలోపు సభ మధ్యలో ఆగిపోయింది కదా. గౌరీశ్వరరావుగారు నా గది వదిలి రానన్నారు. సరేనని అందరూ నా గదిలోకే వచ్చారు, పట్టినంతమంది. నన్ను ఆపితే మళ్లీ వేడెక్కడానికి సమయం పడుతుందని ఆపలేదు. చలపతిగారు చేతిలో కాగితం పట్టుకుని ఉపన్యాసం మొత్తం చదివారు. నా దబదబల్లో ఒక్క ముక్క వినిపించలేదు. పెదాలు ఆగినప్పుడల్లా అందరూ చప్పట్లు కొట్టారు. గౌరీశ్వరరావుగారు గొంతు పెంచి, "ఇన్నేళ్లలో మీరు ఇంత బాగా మాట్లాడటం ఇవాళే చూశానండి," అన్నారు. అదొక్కటీ వినిపించింది.

దీపాలు వేసే వేళకు కొత్త నమూనా వచ్చింది. నీలవేణి గిన్నె కడిగి, పోసింది. తనే చక్రం తిప్పింది. పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను జాగ్రత్తగా రుచి చూశాను. ఈసారి మంట నిదానంగా, నిండుగా, ఒక వరసలో వెలిగింది. కొద్దిగా దగ్గాను, దగ్గాల్సినంతే.

"ఎనభై ఎనిమిది పాయింటు నాలుగు. మాస్టారూ, సంతకం."

"నాది చెల్లదమ్మా. నా డ్యూటీ అయిదింటికే అయిపోయింది. ఇప్పుడు నేను ఇక్కడ చుట్టపుచూపుగా ఉన్నాను." ఆయన చలపతిగారి వంక చూశారు. చలపతిగారు తలూపారు. "అయిదు దాటాక చార్జి నీదేనని ఆర్డరు మధ్యాహ్నమే ఇచ్చాను కదమ్మా. నువ్వే పెట్టాలి."

నీలవేణి కలం తీసింది, మళ్లీ పెట్టేసింది. "ఇంకొక్కసారి తిప్పి చూడనా మాస్టారూ?"

"చూడు. ఎవరొద్దన్నారు?"

మళ్లీ తిప్పింది. పోలిక నూనె, నమూనా, పోలిక నూనె. టవరు మూత తీసి ఐసు చూసింది. మీటరు మీద వేలితో తట్టింది. ఎవరూ విసుక్కోలేదు, చలపతిగారు కూడా గడియారం చూసుకోలేదు. మళ్లీ అదే అంకె వచ్చింది. అప్పుడు నీలవేణి సంతకం పెట్టింది, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, అక్షరం అక్షరం. గౌరీశ్వరరావుగారు ఫోనందుకుని, "బాబూ, ఇప్పుడు వదులు," అన్నారు. అని, ఫోను నీలవేణి చేతికిచ్చారు. "నువ్వు కూడా చెప్పు. రేపట్నుంచి వాడు నీ గొంతే గుర్తుపట్టాలి."

నన్ను ఆపారు. వేడి దిగుతుంటే నా ఒళ్లు టిక్కుటిక్కుమంది. వాళ్లంతా బస్సుకు వెళ్లిపోయారు. దూరంగా పంపులు తిరగడం నేలలోంచి నాకు తెలిసింది.

ఆ పెట్రోలు ఏమైందంటారా? రోజుల తరబడి చెవి ఒగ్గి విన్నాను. రోడ్డు మీద బండ్లు పోతుంటే విన్నాను, నా గదికొచ్చి మాట్లాడుకునేవాళ్ల మాటలు విన్నాను. ఏమీ కాలేదు. ఘాటు రోడ్డు మీద ఏ స్కూటరూ ఆగలేదు. ఏ మెకానిక్కూ తల పట్టుకోలేదు. పెట్రోలు బంకు దగ్గర ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఎవరో ఒకాయన భార్యనూ పిల్లలనూ ఎక్కించుకుని కొండెక్కి, దిగి, ఇంటికి పోయి అన్నం తిని పడుకుని ఉంటాడు. తన పెట్రోలు గురించి ఆ రోజు ఒక దండ వేసుకున్న పెద్దమనిషీ, తడి చేతి పిల్లా తంటాలు పడ్డారని ఆయనకు ఎప్పటికీ తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

ఏమీ కాలేదు అన్న మాట చాలామందికి కథ కాదు. నాకు మాత్రం అంతకు మించిన కథ లేదు.